ఉద్యోగం చేస్తూ హెచ్ఆర్ చదువు: దూరవిద్యలో మానవ వనరుల నిర్వహణ

సంస్థకు కావలసిన మనుషులను వెతికి తీసుకోవడం, వాళ్లకు జీతభత్యాలు లెక్కగట్టడం, శిక్షణ ఇప్పించడం, పనితీరును అంచనా వేయడం, తగాదాలు వస్తే విచారించి తేల్చడం, కార్మిక చట్టాలు అడిగే రిజిస్టర్లూ చెల్లింపులూ తప్పిపోకుండా చూడటం: ఈ పనులన్నిటినీ కలిపి మానవ వనరుల నిర్వహణ అంటారు. ఆఫీసుల్లో వాడుక మాట హెచ్ఆర్. విశ్వవిద్యాలయాలు దీన్ని ఎంబీఏలో స్పెషలైజేషన్‌గానో, విడిగా పీజీ డిప్లొమాగానో బోధిస్తున్నాయి. ఉద్యోగం వదలకుండా దూరవిద్యలో దీన్ని చదివేవారిని లోకం కాస్త చులకనగానే చూస్తుంది. రెగ్యులర్‌గా చదవలేనివాళ్ల చదువని కొందరు, ప్రమోషన్ కోసం తెచ్చుకునే కాగితమని మరికొందరు అంటారు. ఈ చులకనకు కారణాలు లేకపోలేదు. అయినా మేనేజ్‌మెంట్ శాఖలన్నిటిలోకీ ఉద్యోగంతో పాటు చదవడానికి బాగా ఒదిగేది హెచ్ఆరే, ఎందుకంటే దాని ప్రయోగశాల పనిచోటే. ఆ ప్రయోగశాలలో రోజంతా గడిపే విద్యార్థిని చేర్చుకుని, అతనికి అదేమీ లేనట్టు పాఠం చెప్పడం మన దూరవిద్యా కోర్సుల అసలు లోపం. చదువు విలువ పెరిగేదీ తరిగేదీ అక్కడే.

ఈ శాఖ చరిత్రే అందుకు మొదటి సాక్ష్యం. హెచ్ఆర్ విశ్వవిద్యాలయంలో పుట్టి ఫ్యాక్టరీకి వెళ్లలేదు, ఫ్యాక్టరీలో పుట్టి ఆలస్యంగా విశ్వవిద్యాలయానికి చేరింది. బ్రిటన్‌లో ఈ వృత్తి సంఘానికి మూలం 1913లో యార్క్ పట్టణంలో ఏర్పడిన సంక్షేమ ఉద్యోగుల సంఘం. అందులో చేరినవాళ్లు చాక్లెట్ ఫ్యాక్టరీల వంటి చోట్ల కార్మికుల బాగోగులు చూసే ఉద్యోగులు. మన దేశంలో బొంబాయి మిల్లుల్లో జాబర్లూ, దక్షిణాదిన మేస్త్రీలూ కూలీలను కుదిర్చేవాళ్లు. పనిలో పెట్టుకున్నందుకూ పనిలో ఉంచినందుకూ మామూళ్లు గుంజేవాళ్లు. 1929లో నియమితమైన విట్లీ కమిషన్ 1931 నివేదికలో ఈ పద్ధతిని తప్పుబట్టి, నియామకాలు చూడటానికి లేబర్ ఆఫీసర్లు ఉండాలని సిఫారసు చేసింది. మన హెచ్ఆర్ మేనేజర్‌కు ముత్తాత ఆ లేబర్ ఆఫీసరే. అతనికి చదువు చెప్పే సంస్థలు ఆ తర్వాతే వచ్చాయి. టాటా సంస్థ సామాజిక శాస్త్రాల విద్యాలయం బొంబాయిలో 1936లో మొదలైతే, జంషెడ్‌పూర్‌లో ఎక్స్ఎల్ఆర్ఐ 1949లో మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం ఈ ఉద్యోగాన్ని తప్పనిసరి చేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, అంతకుమించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి వచ్చింది. గనులకు 1955 నాటి నియమావళి అలాంటి షరతే పెట్టింది. సింగరేణి గనుల్లో కార్మిక కుటుంబాలకు వెల్ఫేర్ ఆఫీసర్ అనే మాట సుపరిచితం కావడానికి మూలం ఇదే. పదవితో పాటు అర్హతల షరతులూ వచ్చాయి. దాంతో ఒక విచిత్రం జరిగింది. హాజరు పట్టీ చూసే టైమ్ ఆఫీసు గుమస్తాలకు, జీతాల సెక్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు పని తెలుసు, కాగితం లేదు. కొత్తగా పట్టా తీసుకుని వచ్చినవాళ్లకు కాగితం ఉంది, పని తెలియదు. ఉద్యోగం చేస్తూ ఈ చదువు చదవాలన్న కోరిక ఈ ఖాళీలోంచే పుట్టింది. 1970ల నడుమ ఉదయ్ పరీక్, టి.వి. రావు ఎల్ అండ్ టీ సంస్థ కోసం రూపొందించిన మానవ వనరుల అభివృద్ధి విధానం ఈ శాఖ చూపును సంక్షేమం నుంచి ఉద్యోగి ఎదుగుదల వైపు తిప్పింది. కోర్సుల పేర్లు మారాయి, పాత పేర్లూ పోలేదు. యూజీసీ నెట్ పరీక్షలో ఈ సబ్జెక్టు నేటికీ లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, హెచ్ఆర్ఎం అన్నీ ఒకే వరుసలో ఉన్న పొడవాటి పేరుతో కొనసాగుతోంది. ఒకే ఉద్యోగానికి ఏ కాలానికా కాలం తన పేరు తగిలించి పోయినట్టుంది ఆ వరుస.

దూరవిద్య కథ వేరే దారిలో నడిచి, ఇక్కడికే వచ్చి కలిసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో పోస్టు ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1972లో, ఉస్మానియాలో 1977లో కరస్పాండెన్స్ కోర్సులు వచ్చాయి. 1982లో హైదరాబాద్‌లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. తర్వాత యూజీసీ అధ్యక్షుడయ్యారు. దేశంలో దూరవిద్యకు ఒక రూపం ఇచ్చింది హైదరాబాద్ అనుభవమని చెప్పడానికి ఈ ఒక్క మనిషి ప్రయాణం చాలు. 1987లో ఇగ్నో తన బోధన మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన కోర్సులు రెండే: దూరవిద్యలో డిప్లొమా, మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా. రెండిటికీ కలిపి చేరినవారు 4,528 మంది. దేశమంతటికీ దూరవిద్య అందించాల్సిన సంస్థ మొదటి అడుగులోనే మేనేజ్‌మెంట్‌ను ఎంచుకున్నదంటే, ఉద్యోగస్థుల అవసరాన్ని అది సరిగానే పసిగట్టిందన్నమాట. తర్వాతి ఏళ్లలో ఆ మేనేజ్‌మెంట్ కోర్సులోనే మానవ వనరుల స్పెషలైజేషన్ పెరిగి, మానవ వనరుల ప్రణాళిక, ఉద్యోగ సంబంధాలు, జీతభత్యాల పాలన, కార్మిక చట్టాలు వేర్వేరు పేపర్లుగా స్థిరపడ్డాయి.

ఇప్పుడు ప్రయోగశాల సంగతికి వద్దాం. ఫైనాన్స్ విద్యార్థి కంపెనీల లెక్కలను పుస్తకంలోంచి, నివేదికల్లోంచి చదవగలడు. మార్కెటింగ్ విద్యార్థి బజారులో తిరిగి కొంత నేర్చుకోగలడు. హెచ్ఆర్ విద్యార్థికి కావలసిన సామగ్రి మాత్రం బయట దొరకదు. జీతాల పట్టీ, ఛార్జిషీటు, బదిలీ ఉత్తర్వు, యూనియన్ ఇచ్చిన కోర్కెల పత్రం, రాజీనామా చేసినవాడి ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క, ఇవన్నీ సంస్థ గోడల లోపలే ఉంటాయి. లోపల పనిచేసేవాడికి అవి రోజూ చేతికి తగులుతాయి. ఒక్క ఉదాహరణ ఇక్కడ వివరంగా చూడటం మంచిది. 2019 వేతనాల కోడ్, 2020లో వచ్చిన మరో మూడు కోడ్‌లు కలిసి 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో నిలిచాయి. 2025 నవంబర్ 21న వాటిని అమల్లోకి తెచ్చారు. అందులో వేతనానికి కొత్త నిర్వచనం ఉంది: ఇంటి అద్దె, ప్రయాణం వంటి మినహాయింపు భత్యాలు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. నెలకు 30,000 రూపాయలు తీసుకునే ఉద్యోగికి బేసిక్ 10,000, తక్కిన 20,000 ఇలాంటి భత్యాలు అనుకుందాం. సగం అంటే 15,000. దానికి మించిన 5,000 వేతనంలో కలుస్తుంది, కాబట్టి లెక్కకు వేతనం 15,000 అవుతుంది. గ్రాట్యుటీని ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకుని కడతారు. పాత లెక్కన ఏడాదికి దాదాపు 5,769 రూపాయలు వచ్చేచోట ఇప్పుడు 8,654 వస్తుంది. ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివినవాడు మార్కులు తెచ్చుకుంటాడు. జీతాల సెక్షన్‌లో ఉన్నవాడికి మాత్రం ఇందులో ఇంకో కథ కనిపిస్తుంది. ఇన్నాళ్లూ బేసిక్ ఎందుకు తక్కువగా పెట్టారో, దానివల్ల ఎవరికి ఎంత మిగిలిందో, ఇప్పుడు జీతాల పట్టీని తిరగరాయమని పైనుంచి ఒత్తిడి ఎందుకు వస్తుందో అతనికి తెలుస్తుంది. చట్టం, లెక్క, మనుషుల ప్రయోజనం ఒకే కాగితం మీద కలిసే ఇలాంటి చోటునే హెచ్ఆర్ అంటారు. అది తరగతి గదిలో అందడం కష్టం.

పనిచేస్తూ నేర్చుకోవడం పనికిమాలిన పద్ధతి అయితే మన బ్యాంకులు ఎప్పుడో దెబ్బతిని ఉండేవి. 1928లో ఏర్పడిన బ్యాంకర్ల సంస్థ, ఇప్పుడు ఐఐబీఎఫ్, బ్యాంకు ఉద్యోగులకు జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు నిర్వహిస్తోంది. వాటికి కూర్చోవాలంటే బ్యాంకింగ్ రంగంలో ఉద్యోగం ఉండాలి. కౌంటర్ మూసేశాక, ఆదివారాలు చదివి పాసైనవాళ్లకు ఇంక్రిమెంట్లు ఇస్తారు. సీఏఐఐబీలో మానవ వనరుల నిర్వహణ ఒక ఐచ్ఛిక పేపరు కూడా. ఇది పేరు పెట్టని దూరవిద్యే. అయినా ఎవరూ దాన్ని చులకనగా చూడరు, ఎందుకంటే చదివింది మర్నాడు కౌంటర్‌లో పనికొస్తోందో లేదో బ్యాంకుకు కనబడుతూనే ఉంటుంది. సిద్ధాంతం వైపు నుంచి కూడా ఇదే మాట చెప్పినవాడు ఉన్నాడు. బ్రిటన్ బొగ్గు గనుల బోర్డులో విద్యావిభాగం చూసిన రెగ్ రెవాన్స్, గని మేనేజర్లను నిపుణుల ఉపన్యాసాలకు పంపేకన్నా చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఒకరి గనిలోని చిక్కును మరొకరు ప్రశ్నించేలా చేస్తే ఎక్కువ నేర్చుకుంటారని వాదించాడు. ఆ పద్ధతిని యాక్షన్ లెర్నింగ్ అంటారు. అందులో రెండు భాగాలున్నాయని గుర్తుంచుకోవాలి: మొదటిది సొంత పని, రెండోది దాన్ని ప్రశ్నించే తోటివాళ్లు. మన దూరవిద్యలో మొదటిది పుష్కలం, రెండోది కరువు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. హెచ్ఆర్ మనుషులతో పని కదా, ఇంటర్వ్యూ చేయడం, యూనియన్‌తో బేరమాడటం, ఏడుస్తూ వచ్చిన ఉద్యోగి మాట వినడం పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివితే వస్తాయా అని. రావు. అయితే కాలేజీలో కూడా రావు. అక్కడ తోటి విద్యార్థి యూనియన్ నాయకుడిగా నటిస్తాడు, తగాదా ఒక గంటలో తేలిపోతుంది, ఎవరి ఉద్యోగమూ పోదు. నటన వృథా అనడం లేదు, దాన్ని అనుభవంతో సమానంగా లెక్కించకూడదు. డొమెస్టిక్ ఎంక్వైరీలో ఆరోపణ ఎదుర్కొంటున్న కార్మికుడు తన తరఫున తోటి కార్మికుడిని తెచ్చుకుని సాక్షికి ఎదురు ప్రశ్నలు వేస్తుంటే, పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నవాడు సహజ న్యాయసూత్రాల పాఠాన్ని జన్మలో మరిచిపోడు. అయితే ఈ అభ్యంతరానికి మరో ముఖం ఉంది. నా అంచనాలో అదే అసలు ముప్పు. ఒకే సంస్థలో పెరిగినవాడు ఆ సంస్థ తప్పులనే పద్ధతులని నమ్ముతాడు. కాంట్రాక్టు కార్మికుల రిజిస్టరును తనిఖీకి రెండు రోజుల ముందు కూర్చుని నింపడం చూసినవాడికి రిజిస్టరంటే అదే అనిపిస్తుంది. లైంగిక వేధింపులపై 2013 చట్టం పదిమంది, అంతకుమించి ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలంటే, గోడ మీద నాలుగు పేర్లు అంటించడమే కమిటీ అనుకుంటాడు. అనుభవం ఎప్పుడూ మంచి గురువు కాదు, చెడ్డ అలవాట్లను కూడా అదే ఓపికతో నేర్పుతుంది. చదువు చేయాల్సిన పని ఆ అలవాటును ప్రశ్నించడం. దానికి వేరే ఫ్యాక్టరీవాడు, ఆసుపత్రివాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీవాడు ఒకే గదిలో కూర్చుని మా దగ్గర అలా చేయరే అనాలి. ఆదివారాల్లో ముఖాముఖి జరిగే కాంటాక్ట్ క్లాసుల అసలు ప్రయోజనం ఇదే. హాజరు ఐచ్ఛికం కావడంతో, వచ్చినవారికి కూడా పుస్తకంలోని పాఠాన్నే మరోసారి చదివి వినిపించడంతో, ఆ ఆదివారాలు వృథా అవుతున్నాయి. జర్మన్ విద్యావేత్త ఒట్టో పీటర్స్ 1960లలోనే దూరవిద్యను ఫ్యాక్టరీ ఉత్పత్తితో పోల్చాడు. పాఠం రాసేవాడు ఒకడు, అచ్చువేసేవాడు ఇంకొకడు, దిద్దేవాడు మరొకడు, అందరికీ ఒకే సరుకు. ఫ్యాక్టరీలో మనిషిని యంత్రంలో మరలాగా చూడకూడదని బోధించే శాఖనే ఈ పద్ధతిలో బోధించడంలో కొంత వ్యంగ్యం ఉంది.

పరీక్షల తీరు ఈ లోపాన్ని ఇంకా పెంచుతుంది. ఇగ్నో మేనేజ్‌మెంట్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం మార్కులు చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. అసైన్‌మెంటు అనేది విద్యార్థి సొంత పనిచోటును పాఠంతో కలిపే తలుపు కావాలి. కానీ పనితీరు మదింపు పద్ధతులు వివరించండి, మానవ వనరుల ప్రణాళికలోని దశలు రాయండి అని అడిగితే జవాబు అందరిదీ ఒకటే అవుతుంది. ఒకటే అయ్యేదాన్ని ఎవరో ఒకరు రాసి అమ్ముతారు. జవాబులు రాసిన అసైన్‌మెంట్లు వెలకు దొరకడం, ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన క్షణంలో రాసిపెట్టడం, రెండూ విద్యార్థి బద్ధకాన్ని ఎంత చూపిస్తాయో ప్రశ్న బద్ధకాన్ని కూడా అంతే చూపిస్తాయి. మీ సంస్థలో గత ఏడాది ఉద్యోగం మానేసినవాళ్లు ఏ విభాగంలో ఎక్కువ, ఎందుకు అని అడిగితే బజారులో జవాబు కొనలేరు. అలా అడగడానికి ఒక నిజమైన అడ్డంకి ఉందని ఒప్పుకోవాలి: సంస్థ లోపలి సమాచారం బయటపెట్టడానికి యాజమాన్యం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయం కూడా. పేర్లు, అంకెలు మార్చి, సంస్థను గుర్తుపట్టలేని విధంగా రాయడం నేర్పడమే దీనికి దారి. ఉద్యోగుల గోప్యత కాపాడటం హెచ్ఆర్ వృత్తిలో ప్రధానమైన విద్య కాబట్టి, అది అడ్డంకిలా కనిపించినా పాఠమే అవుతుంది.

ఉద్యోగం చేస్తూ చదవడం తేలికన్న ప్రచారాన్ని లెక్కతో సరిచూడాలి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరు అంటే 120 గంటలు. సెమిస్టరుకు అలాంటి ఏడు పేపర్లు తీసుకుంటే 840 గంటలు. ఆరు నెలలను 26 వారాలనుకుంటే వారానికి 32 గంటలు దాటుతుంది. వారానికి 48 గంటలు పని, ప్రయాణం, ఇల్లు ఉన్న మనిషికి ఇది ఇంకో ఉద్యోగంతో సమానం. ఇల్లూ ఉద్యోగం రెండూ మోసే స్త్రీలకైతే మూడోది. కోర్సు రూపకల్పన చేసినవాళ్లు నిజాయితీగానే లెక్క కట్టారు, చేరేవాళ్లు ఆ లెక్క చదవరు. దూరవిద్యలో చేరినవాళ్లలో చాలామంది మధ్యలో ఆగిపోవడానికి తెలివి, పట్టుదల లేకపోవడం కంటే ఈ గంటలే ఎక్కువ కారణం. కోర్సుకు కనీస కాలంతో పాటు గరిష్ఠ కాలం పెట్టింది అందుకే. రెండేళ్లలో ముగించాలన్న పంతం కంటే, దొరికినంత గడువూ తీసుకుని ఒక్కో సెమిస్టరుకు మూడు నాలుగు పేపర్లు రాసుకోవడం ఉద్యోగస్థుడికి తెలివైన పని. పేపర్ల వరుసను కూడా ఆఫీసు పనిని బట్టి ఎంచుకోవచ్చు. జీతాల సవరణ జరిగే కాలంలో జీతభత్యాల పేపరు, ఆడిట్ వచ్చే కాలంలో కార్మిక చట్టాల పేపరు పెట్టుకుంటే, ఆఫీసులో పెట్టిన గంటలు కొంతవరకు చదువు ఖాతాలో పడతాయి. మొదట చెప్పిన ప్రయోగశాల వల్ల కలిగే లాభాల్లో ఇది బొత్తిగా లౌకికమైనది, అందుకే నమ్మదగింది.

గుర్తింపు విషయంలో గందరగోళం చాలాకాలం నడిచింది. ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు తెలుగు పట్టణాల్లో స్టడీ సెంటర్లు తెరిచి, వాటిని కన్సల్టెన్సీల చేతిలో పెట్టిన రోజుల్లో వన్ సిట్టింగ్ డిగ్రీ అనే ప్రకటనలు గోడలెక్కాయి. దూరవిద్యా మండలి 2013లో రద్దయి, అజమాయిషీ యూజీసీకి వచ్చింది. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు, 2001 నుంచి 2005 వరకు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో దూరవిద్య ద్వారా ఇంజినీరింగ్‌లో చేరినవాళ్ల పట్టాలను నిలిపివేసి, ఏఐసీటీఈ పరీక్ష పాసవ్వాలని తీర్పు చెప్పింది. తీర్పు ఇంజినీరింగ్ మీదే అయినా, పట్టా చేతికొచ్చిన ఏళ్ల తర్వాత కూడా దాని విలువ పోవచ్చన్న భయం అన్ని కోర్సులకూ పాకింది. 2020 యూజీసీ నిబంధనలు చాలావరకు దారి చక్కదిద్దాయి. న్యాక్‌లో 3.01, అంతకుమించి స్కోరు లేదా జాతీయ ర్యాంకుల్లో మొదటి 100లో స్థానం ఉన్న సంస్థలే సాధారణంగా ఈ కోర్సులకు అర్హమవుతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన రాష్ట్రంలోనే నడపాలి, ఆన్‌లైన్ కోర్సుకు ఆ హద్దు లేదు. ఫ్రాంచైజీకి ఇవ్వడం నిషిద్ధం. 2024 నుంచి చేరే విద్యార్థి తన పేరు మీద యూజీసీ దూరవిద్యా బ్యూరో (డీఈబీ) గుర్తింపు సంఖ్య తీసుకోవాల్సి వస్తోంది, కాబట్టి తాను చేరిన కోర్సుకు ఆ సంవత్సరం అనుమతి ఉందో లేదో ముందే తేలిపోతుంది. ఇలా అనుమతి ఉన్న కోర్సులో వచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబర్‌లో యూజీసీ మరోసారి ప్రకటించింది.

సమానమైతే ఉద్యోగాలిచ్చేవాళ్లు ఎందుకు ఒప్పుకోరన్నది తరచూ వినిపించే ప్రశ్న. పెద్ద ప్రభుత్వరంగ సంస్థలు హెచ్ఆర్ ట్రైనీ ప్రకటనల్లో రెండేళ్ల ఫుల్‌టైమ్ పీజీ అని రాయడం మామూలే. పట్టా చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, ఫలానా ఉద్యోగానికి అర్హత ఏమిటన్నది ఇంకో ప్రశ్న. యూజీసీ మాట మొదటిదానికే జవాబు. కాబట్టి ఇరవై రెండేళ్ల వయసులో కొత్తగా రంగంలోకి దిగి పెద్ద సంస్థలో ట్రైనీ కావాలనుకునేవారికి దూరవిద్య సరైన దారి కాదు, అది నిర్మొహమాటంగా చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నవాడి లెక్క వేరు. సంస్థ లోపలి ప్రమోషన్‌కు, టైమ్ ఆఫీసు నుంచి హెచ్ఆర్ విభాగానికి మారడానికి, పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలోనో శ్రీసిటీ యూనిట్‌లోనో అనుభవంతో పాటు పట్టా కూడా ఉండాలనే పోస్టుకు, ఈ చదువు నిజంగా అక్కరకొస్తుంది. అక్కడ ఇంటర్వ్యూలో ఏ విధానంలో చదివారన్నది ఒక్క ప్రశ్నకు మించి నిలవదు. తర్వాతి ప్రశ్నలన్నీ ఈఎస్ఐ పరిమితి గురించో కాంట్రాక్టరు బిల్లు గురించో ఉంటాయి.

నా వాదనకు ఒక హద్దు ఉంది. ప్రయోగశాల లాభం ఆ ప్రయోగశాలలో ఉన్నవాడికే. ఒక సాఫ్ట్‌వేర్ టెస్టరో బడి టీచరో హెచ్ఆర్‌కు మారాలని దూరవిద్యలో చేరితే, వాళ్ల ఉద్యోగం చదువుకు నేరుగా సాయపడదు. వాళ్లు చూడగలిగేది ఉద్యోగి వైపు నుంచి మాత్రమే. అది కూడా పనికిరాని చూపు కాదు. మదింపు చేసే ఫారం నింపినవాడికంటే, ఆ ఫారంలో తక్కువ మార్కులు వచ్చినవాడికి మదింపు లోపాలు బాగా తెలుస్తాయి. అయినా జీతాల లెక్క, రిజిస్టర్లు, యూనియన్ సంప్రదింపులు ఆ వైపు నుంచి కనిపించవు. అలాంటివారు కోర్సు జరుగుతుండగానే తమ సంస్థ హెచ్ఆర్ విభాగంలో చిన్న పనైనా అడిగి చేయడం మంచిది. విశ్వవిద్యాలయం దీన్ని కోర్సులో భాగం చేయగలదు. చాలాచోట్ల చేయదు.

భాష విషయం దీనికంటే పెద్దది, దాని మీద చర్చ మాత్రం తక్కువ. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమంలో డిగ్రీ పాఠాలు రాయించి, చదువుకు దూరమైన లక్షల మందికి అందించింది. మేనేజ్‌మెంట్ మాత్రం ప్రధానంగా ఇంగ్లీషులోనే మిగిలింది. పెద్ద కంపెనీల వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది కాబట్టి అది తప్పదంటారు. కానీ హెచ్ఆర్ ఉద్యోగి రోజులో సగం మాట్లాడేది కార్మికులతో. చట్టం ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం సర్వీసు నిబంధనలను ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టమంది. ఫ్యాక్టరీల చట్టం నోటీసులకు అదే షరతు పెట్టింది. అంటే జీడిమెట్లలోనో విశాఖలోనో హెచ్ఆర్ ఉద్యోగి సస్పెన్షన్ ఉత్తర్వును, సెలవు నిబంధనను కార్మికుడికి అర్థమయ్యే తెలుగులో రాయగలగాలి. ఏ కోర్సూ అతనికి ఆ పని నేర్పదు. ఫలితంగా బోర్డు మీది తెలుగు ఇంగ్లీషు కంటే కఠినంగా తయారవుతుంది, కార్మికుడు మేస్త్రీని అడిగి తెలుసుకుంటాడు. ఇంగ్లీషులో చదవలేక ఆగిపోయే విద్యార్థులను అలా ఉంచితే, ఇంగ్లీషులో చదివి గట్టెక్కినవారికి కూడా తెలుగులో ఒక ఛార్జిషీటు, ఒక ఒప్పందం రాయించడం పాఠ్యప్రణాళికలో ఉండాల్సిన పని. ఒరియా, హిందీ మాట్లాడే వలస కార్మికులు ఎక్కువైన యూనిట్లలో వాళ్ల భాషల ప్రశ్న కూడా రేపో మాపో ఎదురవుతుంది.

కొత్త కోడ్‌లు ఈ చదువు గిరాకీని రెండు వైపులా లాగుతున్నాయి. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరయ్యే హద్దు 100 మంది నుంచి 300కు పెరిగింది, అంటే నడిమి స్థాయి యూనిట్లలో ఆ నిబంధనలు తెలిసినవాడి అవసరం తగ్గింది. మరోవైపు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వెల్ఫేర్ ఆఫీసర్ హద్దును ఫ్యాక్టరీలకు 500 నుంచి 250కి దించింది. నిన్నటిదాకా ఆ పదవి అక్కర్లేని 300, 400 మంది యూనిట్లు ఇప్పుడు మనిషిని వెతకాలి. వాటిలో చాలాచోట్ల ఆ పని చేస్తున్న మనిషి ఇప్పటికే ఉన్నాడు, టైమ్ ఆఫీసులో, వేరే హోదాతో. వెల్ఫేర్ ఆఫీసర్ అర్హతలు నిర్ణయించే అధికారాన్ని కోడ్ ప్రభుత్వాలకే వదిలింది. అనుమతి ఉన్న దూరవిద్యా పట్టాతో పాటు పనిచోటి అనుభవాన్ని కూడా ఆ నియమాలు లెక్కలోకి తీసుకుంటే, విశ్వవిద్యాలయాలు తమ అసైన్‌మెంట్లను మార్చుకోవడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు. పాత అర్హతల జాబితానే మళ్లీ అచ్చువేస్తే, ఆ టైమ్ ఆఫీసు మనిషి కొత్త వెల్ఫేర్ ఆఫీసర్‌కు పని నేర్పి, తన పాత కుర్చీలోనే ఉంటాడు.